రెండు కవర్లు, ఒకే జవాబు

జూలై 6

చెల్లాయికి అన్నయ్య శుభాశీస్సులు.

మొన్న ఫోనులో మన మధ్య జరిగినదానిని సంభాషణ అనడానికి వీలు లేదు. నీ వాక్యం పూర్తి కాక ముందే నేను, నా వాక్యం పూర్తి కాక ముందే నీవు అందుకొని, చివరకు ఇద్దరమూ ఒకేసారి ఫోను పెట్టేశాము. ఇకమీదట ఈ విషయం ఉత్తరాలలోనే నడవవలెనని నిశ్చయించాను. ఉత్తరంలో ఒకరు ముగించిన తరువాతనే మరొకరు ప్రారంభించవలసి ఉంటుంది.

నాకు అర్థమైనంత వరకు విషయం ఇది. ముప్పై ఏళ్ళు కుట్టుదుకాణం నడిపి, దానిని కూతురికి అప్పగించి, యాభై ఏడవ ఏట నీవు విశ్వవిద్యాలయంలో బి.ఏ.లో చేరావు. ఇంతవరకు నాకు ఆక్షేపణ లేదు. చదువుకోవడానికి ఏ వయసైనా తగినదేనని బడి వార్షికోత్సవాలలో ఎన్నో ఏళ్ళు ఉపన్యసించినవాడిని నేనే. అయితే ఆ ఉపన్యాసం విని నా సొంత చెల్లెలే లేచి వెళ్ళి దరఖాస్తు నింపుతుందని ఊహించలేదు.

నా ఆక్షేపణ అంతా నీవు ఎంచుకొన్న శాస్త్రం గురించి. చరిత్ర ఉన్నది, గణితం ఉన్నది, భాషాశాస్త్రం ఉన్నది. వాటన్నిటినీ కాదని 'కుటుంబ, మానవ శాస్త్రాలు' అట! శాస్త్రం అన్న తరువాత ఒక సూత్రం ఉండవలెను. ఆ సూత్రాన్ని ఎవరు ప్రయోగించినా ఒకే ఫలితం రావలెను. మీ వదిన నిన్న చక్కెర డబ్బాను కిటికీ పక్క నుండి పై అరలోకి ఎందుకు మార్చినదో ఏ సూత్రం చెప్పగలదు? ముప్పై ఎనిమిది ఏళ్ళ కాపురంలో నాకే బోధపడలేదు. ఇద్దరు పిల్లలను పెంచినదానివి, కుటుంబం అంటే ఏమిటో తెలుసుకోవడానికి మూడేళ్ళు బస్సులలో తిరగడం ఎందుకు?

పాఠ్యప్రణాళిక పంపు. చూచి నా అభిప్రాయం చెబుతాను.

ఇట్లు,
నీ మేలు కోరే
అన్నయ్య

తా.క. మీ వదిన క్షేమమే. నీకు ఏదో వ్రాయాలన్నది. ఆమెకూ ఇదే అభిప్రాయం గనుక వేరే కాగితం అవసరం లేదని చెప్పాను.


జూలై 14

అన్నయ్యా,

ఉత్తరం చేరింది. మూడుసార్లు చదివా. తప్పులు వెతకడానికి. దొరకలేదు. సంతోషమేనా?

మొదటిరోజు సంగతి చెప్తా విను. క్లాసులోకి అడుగు పెట్టానో లేదో అందరూ లేచి నిలబడ్డారు. ఎవరొచ్చారా అని నేనూ వెనక్కి తిరిగి చూశా. నన్నే లెక్చరరు అనుకున్నారట! నేను వెళ్ళి మూడో బెంచీలో కూర్చుంటే, పక్కనున్న పిల్ల జరిగి కూర్చుని, "ఆంటీ, మీరు ఇన్‌స్పెక్షనా?" అంది. అసలు లెక్చరరు తర్వాత వచ్చింది. మా అమ్మాయి కంటే రెండేళ్ళు చిన్నది. మేము ఆవిణ్ణి మేడం అంటాం, ఆవిడ నన్ను "అమ్మా" అంటుంది, మళ్ళీ నాలిక్కరుచుకుంటుంది.

ఏం చెప్తారని అడిగావుగా. పసిపిల్లల ఎదుగుదల, తిండీ ఆరోగ్యం, బట్టలు, ఇంటి నిర్వహణ, మనుషులు ఒక కప్పు కింద ఎలా బతుకుతారు, ఎందుకు పోట్లాడుకుంటారు, అన్నీ ఉన్నాయి. బట్టల ల్యాబులో కాజా కుట్టడం చూపించారు. నోరు మూసుకుని కూర్చుందామనే అనుకున్నా. మూడో నిమిషానికి చెయ్యి నా మాట వినలేదు. ఇప్పుడు ల్యాబులో సగం మంది నా బల్ల చుట్టూ ఉంటున్నారు, మేడంతో సహా.

ఎందుకు చేరానో చెప్పనా? దుకాణంలో కొలతలు తీసేటప్పుడు మనిషి నా ఎదురుగా నిలబడి ఉంటుంది. "వదులుగా ఉండాలా, బిగుతుగానా?" అని అడుగుతా. జవాబు పక్కనున్న మొగుడు చెప్తాడు, లేకపోతే అత్త చెప్తుంది, కొడుకు చెప్తాడు. వేసుకునేది ఈవిడ! ఊపిరి ఆడాల్సింది ఈవిడకి! ముప్పై ఏళ్ళు మెళ్ళో టేపు వేసుకుని అదే చూశా. ఇలా ఎందుకు అవుతుందో చెప్పే చదువు ఒకటుందని తెలిశాక ఇంట్లో కూర్చోమంటావా?

సరే, ఇప్పుడు అసలు పని. మొదటి సెమిస్టర్‌లో 'ఒక ఇంటి అధ్యయనం' అని ఒక పేపరుంది. ముప్పై ఏళ్ళు పైబడిన కాపురం ఒకటి చూసుకోవాలి. భార్యకీ భర్తకీ ఒకే ఇరవై ప్రశ్నలు. విడివిడిగా రాయాలి, ఎవరి కవరు వాళ్ళే అంటించాలి. నేను ముందు తెరవకూడదు, మేడం ముందే తెరవాలి. నాకు మీరిద్దరే కావాలి. వయసైనవాళ్ళకి సీటు షరతు మీద ఇచ్చారు అన్నయ్యా. ఈ పేపరు పోతే సీటు పోతుంది. ఇంట్లో నా కొడుకు అప్పుడే "దసరా దాకా కూడా సాగదు మా అమ్మ చదువు" అన్నట్టు చూస్తున్నాడు. కాబట్టి నా పరువు నీ చేతిలో ఉంది.

ప్రశ్నల కాగితాలు రెండు, కవర్లు రెండు, అంగీకార పత్రాలు రెండు పెట్టాను. వదినకి ఒక సెట్టు ఇవ్వు.

చెల్లి


జూలై 23

చెల్లాయికి,

ప్రశ్నపత్రం అందినది. పదవీ విరమణ తరువాత ఒక ప్రశ్నపత్రం నా చేతికి రావడం ఇదే మొదటిసారి. చేతులు కడుక్కొని మరీ తెరిచాను.

ముందుగా కొన్ని లోపాలు. ఇరవై ప్రశ్నలకు మార్కుల విభజన ఇవ్వలేదు. సమయం నిర్దేశించలేదు. 'మీకు తోచినట్లు వ్రాయండి' అన్న సూచన అత్యంత ప్రమాదకరమైనది. అందరికీ తోచినట్లు వ్రాయనిస్తే నేను ముప్పై ఆరు ఏళ్ళు బడిలో ఏమి చేసినట్లు? అయినప్పటికీ నీ సీటు దృష్టిలో పెట్టుకొని అన్నిటికీ సమగ్రమైన సమాధానాలు తయారు చేశాను. మొదట చిత్తుప్రతి, తరువాత శుద్ధప్రతి. ఏ సమాధానమూ ఐదు వాక్యాలకు మించదు.

మీ వదిన సంగతి. కాగితం చేతికి ఇస్తే అటూ ఇటూ తిప్పి చూచి, "నాకేం తెలుసండీ, మీరు రాసుకోండి" అని కూరగాయలు ముందు వేసుకొని కూర్చున్నది. ఆమెకు పరీక్షలు వ్రాసే అలవాటు తప్పి ఎంతో కాలమైనది గనుక తగిన మార్గదర్శనం చేసి, ఒక్క మధ్యాహ్నంలో పూర్తి చేయించాను. దస్తూరి ముత్యాల కోవ. నీ మేడంగారు చూచి సంతోషించక తప్పదు.

అంగీకార పత్రంలో నాలుగు వాక్యనిర్మాణ దోషాలు ఉన్నవి. దిద్ది, సంతకం చేశాను.

విజయోస్తు.

అన్నయ్య

తా.క. చక్కెర డబ్బా మళ్ళీ మారినది.


ఆగస్టు 6

అన్నయ్యా,

కొంప ముంచావు.

నిన్న మేడం నన్ను గదికి పిలిచింది. మీ రెండు కవర్లు నా ఎదురుగానే తెరిచి, కాగితాలు పక్కపక్కన పెట్టింది. చదువుతూ చదువుతూ ఆవిడ మొహం మారింది. నా వైపు తిప్పింది. మొదటి జవాబు ఒకటే. రెండోదీ ఒకటే. ఇరవైకి ఇరవై, అక్షరం పొల్లు పోకుండా!

తొమ్మిదో ప్రశ్న: "మీ ఇంట్లో ఎవరు ఎక్కువ మాట్లాడతారు?" నువ్వు రాసింది: "గృహయజమాని మితభాషి." వదిన రాసింది: "గృహయజమాని మితభాషి." వదిన! జీవితంలో ఎప్పుడైనా ఆ మాట ఆవిడ నోట విన్నావా నువ్వు?

పన్నెండో ప్రశ్న: "చెయ్యాలనుకుని చెయ్యకుండా మిగిలిపోయింది ఏమిటి?" ఇద్దరికీ "అట్టిదేదియు లేదు. సంపూర్ణ సంతృప్తితో జీవించుచున్నాను."

పదహారోది చదివి మేడం నవ్వాలో ఏడవాలో తెలియక నీళ్ళు తాగింది. "మీ జీవిత భాగస్వామి అలవాట్లలో చిరాకు కలిగించేది?" నువ్వు: "చక్కెర డబ్బాను తరచుగా స్థలం మార్చుట." వదిన కూడా: "చక్కెర డబ్బాను తరచుగా స్థలం మార్చుట." అయితే ఇద్దరూ మారుస్తున్నారా? మరి ఆ డబ్బా ఇంకా ఇంట్లోనే ఉందా?

మేడం పైన ఎర్ర పెన్నుతో రాసింది: "కాపీ. చెల్లదు."

పద్దెనిమిదేళ్ళ పిల్లల ముందు నేను కాపీ కేసుని ఇప్పుడు. నీకు నేను చదవడం ఇష్టం లేదని తెలుసు. మొహం మీద చెప్పావు, భరించాను. కానీ సీటు పోతుందని తెలిసి కూడా ఇలా కావాలని చేస్తావనుకోలేదు.

చెల్లి


ఆగస్టు 11

చెల్లాయికి,

నీ ఉత్తరం మొన్న ఉదయం పదింటికి వచ్చినది. మధ్యాహ్నం వరకు కుర్చీలోనుండి లేవలేదు.

కాపీ! నా పేరు వింటే పరీక్షగదిలో పిల్లలు చొక్కా చేతులు తామే మడిచి చూపించేవారు. చెప్పు అడుగున వ్రాసుకొన్నవాణ్ణి నడక చూచి పట్టుకొన్నాను. అటువంటి నా సమాధానపత్రం మీద ఆ మాట!

కాపీ అంటే ఏమిటి? ఒకరు వ్రాసినది మరొకరు చూచి వ్రాయడం. మీ వదిన నా కాగితం వైపు కన్నెత్తి చూడలేదు. నేను చదివాను, ఆమె విని వ్రాసినది. దీనిని శ్రుతలేఖనం అంటారు, వాడుకలో డిక్టేషన్. ఇరవై సమాధానాలలో ఆమెకు మూడే తప్పులు వచ్చినవి. వాటిని ఎర్రసిరాతో దిద్ది, అడుగున సంతకం కూడా చేశాను. దొంగపని చేయించేవాడు ఎర్రసిరాతో సంతకం చేస్తాడా? ఈ మాత్రం తర్కం విశ్వవిద్యాలయంలో చెప్పరా?

ఈ విషయమై మీ మేడంగారికి నాలుగు పుటల లేఖ నిన్ననే రిజిస్టరు పోస్టులో పంపాను. శ్రుతలేఖనానికీ కాపీకీ గల ఏడు భేదాలను ఉదాహరణలతో వివరించాను.

ఇక నీ చివరి వాక్యాల గురించి. నీ పేపరు పోవాలని నేను కావాలని చేశానా? నీకు పూర్తి మార్కులు రావలెనని చిత్తుప్రతి రెండుసార్లు వ్రాసినవాడిని. ఆమె తప్పు వ్రాస్తే నీకు మార్కులు పోతాయన్న భయంతోనే చెప్పి వ్రాయించాను. అనుకొనేది అనుకో.

అన్నయ్య

తా.క. నీ ఉత్తరం మీ వదిన కూడా చదివినది. పదహారవ ప్రశ్న దగ్గర నవ్వు ఆపుకోలేక వంటగదిలోకి వెళ్ళిపోయినది. ఇందులో నవ్వవలసినది ఏమున్నదో నాకు తెలియలేదు.


ఆగస్టు 18

అన్నయ్యా,

ముందు నా తప్పు ఒప్పేసుకుంటున్నా. కావాలని చేశావన్నాను, అది నా నోటి దురద. నువ్వు కావాలని తప్పు చెయ్యవు. పూర్తి నమ్మకంతో చేస్తావు.

ఇంకో సంగతి. నీ నాలుగు పేజీల ఉత్తరమే నన్ను కాపాడింది. మేడం చదివి, "అమ్మా, ఈయన నిజంగానే ఆవిడకి డిక్టేషన్ చెప్పారా?" అంది. అవునన్నా. "చెప్పినట్టు ఆయనే రాసి సంతకం పెట్టి పంపారా?" అవునన్నా. కాసేపు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఇది కాపీ కాదు. మనం ఈ పేపరులో చదివేదే ఇది" అని ఆ ఎర్ర రాత కొట్టేసింది. సీటు మాత్రం ఇంకా గాల్లోనే ఉంది. సెప్టెంబరు ఒకటి లోపల మళ్ళీ రాయించి పంపాలి. ఈసారి కూడా ఒకలాగే వస్తే ఇంక నా బ్యాగు సర్దుకోవడమే.

షరతులు ఇవి. వదిన ఒక్కతే గదిలో ఉండాలి. నువ్వు ఆ గదిలో ఉండకూడదు, గుమ్మంలో ఉండకూడదు, కిటికీ బయట కూడా ఉండకూడదు. (కిటికీ మాట మేడం చెప్పలేదు, నేను కలిపాను.) రాసింది నువ్వు చదవకూడదు, దిద్దకూడదు. కవరు వదినే అంటించాలి, వదినే పోస్టు చెయ్యాలి.

ఇంకో మాట అడగనా, కోప్పడకు. నేను ఫోను చేసి "వదినకి ఇవ్వు" అంటే నువ్వేమంటావో తెలుసా? "ఆమె క్షేమమే" అంటావు. "కాళ్ళ నొప్పులెలా ఉన్నాయి వదినా" అంటే "తగ్గినవి" అని నువ్వే అంటావు. ముప్పై ఎనిమిదేళ్ళుగా వదినతో నేను మాట్లాడింది అంతా కలిపితే ఒక బస్సు టికెట్టు మీద పడుతుంది. ఆవిడని ఒక ప్రశ్న అడిగి, జవాబు నువ్వే చెప్పకుండా ఎప్పుడైనా ఉన్నావా?

ఈ ప్రశ్నకి జవాబు రాయక్కర్లేదు. వదినతో రాయించకు కూడా.

చెల్లి


ఆగస్టు 27

చెల్లాయికి,

పరీక్ష నిన్న ముగిసినది. వివరంగా వ్రాస్తున్నాను, మీ మేడంగారికి చూపించవచ్చును.

స్థలం, వెనుకగది. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక గ్లాసు నీళ్ళు, చెక్కిన పెన్సిళ్ళు రెండు, పెన్ను ఒకటి. గంట కూడా సిద్ధం చేశాను. మీ వదిన గంట వద్దన్నది. "అవి కూడా తీసెయ్యండి, నాకు బాల్ పెన్ను ఉంది" అని పెన్సిళ్ళు కూడా వెనక్కి ఇచ్చినది. ఉదయం తొమ్మిదింటికి తలుపు వేసుకొన్నది. గడియ కూడా వేసుకొన్నది. నీ షరతులలో గడియ లేదు.

ముందుగదిలో కూర్చొని నా సమాధానాలు నేను ముప్పై ఐదు నిమిషాలలో ముగించాను. పాతవాటిలో ఒక్క అక్షరం మార్చవలసిన అవసరం కనిపించలేదు. మీ వదిన కూడా పదింటికల్లా ముగిస్తుందని అంచనా వేశాను.

పదిన్నర అయినది. పదకొండు అయినది. కిటికీ వైపు పోకూడదన్నావు గనుక వీధిలోకి పోయాను. మూలనున్న మందుల దుకాణం వాడు "ఏం మాస్టారూ, ఎండలో నిలబడ్డారు, లోపల ఎవరికైనా కాన్పా?" అన్నాడు. పరీక్ష అన్నాను. ఎవరికి అన్నాడు. మా ఆవిడకు అన్నాను. కుర్చీ తెచ్చి వేశాడు పాపం.

పదకొండు ఇరవైకి ఇంటికి తిరిగి వస్తే లోపలి నుండి నవ్వు వినిపించినది. ఒక్కతే కూర్చొని నవ్వుతున్నది! తరువాత తలుపు ఓరగా తెరిచి, చేయి మాత్రం బయటికి చాచి, "ఇంకో నాలుగు కాగితాలు ఇవ్వండి" అన్నది. అదనపు కాగితాలు! నా సర్వీసులో అదనపు కాగితాలు అడిగినవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చును. పన్నెండు పదికి బయటికి వచ్చినది. పదకొండు పుటలు. కవరు తానే అంటించినది. నేను పోస్టులో వేసి వస్తానన్నాను. "వద్దు, షరతుల్లో లేదు" అన్నది, చెప్పులు వేసుకొని రెండు వీధుల అవతల డబ్బాలో వేసి వచ్చినది.

అప్పటినుండి ఆమె ప్రవర్తన నాకు ఆందోళన కలిగిస్తున్నది. ఏదో రాగం తీస్తూ పని చేసుకొంటున్నది. అడిగితే "ఏం లేదు, ఊరికే" అంటున్నది. పదకొండు పుటలు వ్రాసిన మనిషి ఊరికే రాగం తీయదు. నా మీద ఫిర్యాదులు ఎన్ని ఉన్నవో నాకు తెలియవలెను. పేరు పేరున అక్కరలేదు. పన్నెండవ ప్రశ్నకు ఏమి వ్రాసినది, అది ఒక్కటి చెప్పు. మిగతావి నేను ఊహించుకొంటాను.

అన్నయ్య


సెప్టెంబరు 5

అన్నయ్యా,

కవర్లు మేడం ముందే తెరిచాం. ఈసారి తిప్పి చూసుకోవాల్సిన అవసరమే రాలేదు. నీది రెండు పేజీలు, వదినది పదకొండు. నేను చదివాను. రెండుసార్లు చదివాను. రిపోర్టు రాయడం మొదలుపెట్టాను. ఫలితం ఈ నెలాఖరుకి.

పన్నెండోది చెప్పమన్నావు. చెప్పను. అంగీకార పత్రంలో మూడో వాక్యం చదువు, నువ్వే దిద్ది సంతకం పెట్టావు: "ఒకరి సమాధానములు మరొకరికి తెలియజేయబడవు." 'తెలియజేయబడవు' అన్న మాట నువ్వు పెట్టిందే. ఏడుపు మొహం పెట్టకు.

ఒక్కటి మాత్రం చెప్పడానికి మేడం ఒప్పుకుంది. లెక్క వరకే. ఇరవై ప్రశ్నల్లో ఏడింటికి నువ్వు రాసిందీ, వదిన తలుపేసుకుని రాసిందీ ఒకటే. ఈసారి ఎవరూ ఎవరికీ డిక్టేషన్ చెప్పలేదు. ఏ ఏడు అని అడిగి నా ప్రాణం తియ్యకు.

ఇక్కడ పసిపిల్లల గదిలో ఒక అద్దం ఉంది. మేము ఇవతల నుంచి చూస్తాం, వాళ్ళకి మేము కనపడం. నాలుగేళ్ళ పిల్లని మేడం ఒక ప్రశ్న అడిగి ఊరుకుంటుంది. మేమంతా అద్దం వెనక ఊపిరి బిగబట్టి నిలబడతాం. చెప్పేస్తే బాగుండునని నా నోరు ఎంత కొట్టుకుంటుందో! ఆగితే ఏం వస్తుందో తెలుసా? మనం అనుకున్న జవాబు రాదు. నిన్న ఆ పిల్లని "మీ ఇంట్లో ఎవరెవరుంటారమ్మా" అని అడిగితే, చాలాసేపు ఆలోచించి, "కుర్చీలు" అంది.

నీకు తెలుసుకోవాలని ఉంటే జవాబు మీ ఇంట్లోనే ఉంది. వంటగదిలో, రాగం తీసుకుంటూ.

చెల్లి


సెప్టెంబరు 15

చెల్లాయికి,

ఏడు. వారం రోజులుగా ఆ ఏడు ఏవో లెక్కవేస్తున్నాను. మూడు మాత్రం తేలినవి. అవి పెళ్ళి తేదీ, పిల్లల సంఖ్య, ఇంట్లోని గదుల సంఖ్య. తక్కిన నాలుగు తేలలేదు.

మొదట పరోక్షంగా ప్రయత్నించాను. భోజనం దగ్గర, యథాలాపంగా అన్నట్లు, "ఈ ఇంట్లో ఎవరు ఎక్కువగా మాట్లాడతారని లోకం అనుకొంటుంది?" అన్నాను. "పేపరు ఇచ్చేశాక మళ్ళీ రాయించకూడదని మీరేగా అంటారు" అన్నది. మరొక రోజు చక్కెర డబ్బాను నేనే స్వయంగా ఆమె ఇష్టపడే అరలో పెట్టాను. గమనించినది, ఒక చెంచా తీసుకొని మూత పెట్టినది.

నిన్న ఉదయం నేరుగా అడిగాను. పొయ్యి మీద పాలు పెట్టి స్టూలు మీద కూర్చొని ఉన్నది. ఎదురుగా కుర్చీ వేసుకొని, "చెయ్యాలనుకొని చెయ్యకుండా మిగిలిపోయినది ఏమైనా ఉన్నదా?" అన్నాను. అని ఆగాను.

ఆగడం ఇంత కష్టమని నాకు తెలియదు. గోడగడియారం ప్రకారం నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలలో నా నాలుక మీదికి మూడు సమాధానాలు వచ్చినవి. మూడూ మంచి సమాధానాలే. నోటికి అడ్డంగా చేయి పెట్టుకొన్నాను. "పన్ను నొప్పా?" అన్నది. కాదని తల ఊపాను. తరువాత ఆమె చెప్పినది. చెప్పినది చెప్పినట్లు, వెంటనే పక్కగదిలోకి పోయి వ్రాసుకొన్నాను. నా మాట ఒక్కటీ చేర్చలేదు:

"ఏముంటుందండీ, పెద్దగా ఏం లేదు. మీ బడి గంట మన వంటింట్లోకి వినపడేది కదా. దగ్గర దగ్గర ముప్పై ఏళ్ళు విన్నా. గంట కొట్టగానే, ఆ, లోపలికెళ్ళుంటారు అనుకునేదాన్ని. ఎప్పుడన్నా రోడ్డు మీద మీ పాత పిల్లలు కనపడితే, మాస్టారు పాఠం చెప్తుంటే నవ్వీ నవ్వీ కళ్ళల్లో నీళ్ళొచ్చేవమ్మా అంటారు. నేను కూడా అవునవును అంటాను. ఇంటికొచ్చి చూస్తే మీరేమో పాలవాడి చీటీలో తప్పులు దిద్దుతుంటారు. మరి ఆ నవ్వించే ఆయనెవరో నేను చూళ్ళేదు. ఒక్కసారి వెనక బెంచీలో కూర్చుని చూద్దామని ఉండేది. అడిగితే, తరగతిగది ప్రదర్శనశాల కాదు అంటారని అడగలేదు. అంతే. ఇంకేం లేదు. లేవండి, పాలు పొంగుతున్నాయి."

పాలు నిజంగానే పొంగిపోయినవి. పొయ్యి నేనే తుడిచాను.

ప్రదర్శనశాల కాదని నేను అనేవాడినే. అందులో సందేహం లేదు.

ఫిర్యాదులు ఎన్నో ఉంటాయనుకొని ఇన్ని రోజులు నిద్ర చెడగొట్టుకొన్నాను. ఇది ఫిర్యాదేనా? నీ శాస్త్రంలో దీనిని ఏమంటారు?

అన్నయ్య


సెప్టెంబరు 28

అన్నయ్యా,

ప్యాసయ్యాను! వందకి యాభై ఎనిమిది. సీటు నాదే. ఆఫీసులో గుమాస్తా ముద్ర కొట్టి కాగితం ఇస్తూ "కంగ్రాట్స్ ఆంటీ" అన్నాడు. మా బెంచీ పిల్లలు నన్ను ఎత్తుదామని చూశారు, నా బరువు చూసి చప్పట్లతో సరిపెట్టారు. నా కొడుకు మార్కులు వేసిన రిపోర్టు తిరగేసి బోర్లేసి చూసి, "అమ్మా, ఇక్కడ రాసింది చదివావా?" అన్నాడు.

అది కూడా చెప్పేస్తా, దాచుకోవడం దేనికి. మేడం అందులో ఒక పక్కన పెన్సిల్‌తో రాసింది: "రెండు చోట్ల పరిశీలకురాలు ఆవిడ తరఫున తానే సమాధానం చెప్పింది. ఆవిడ రాసింది చాలు." వెళ్ళి చూసుకున్నా. నిజమే! వదిన ఒక ప్రశ్న ఖాళీగా వదిలేస్తే, నేను "బహుశా ఆవిడ ఉద్దేశం ఇది" అని అరపేజీ దంచేశాను. నిన్ను అన్ని మాటలన్నాను గానీ, మనం ఒక తల్లి పిల్లలమే. అందుకే యాభై ఎనిమిది. లేకపోతే అరవై దాటేది.

నీ ఉత్తరం బస్టాపులో చదివా. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. తర్వాతది కూడా వెళ్ళిపోయింది. దీన్ని మా శాస్త్రంలో ఏమంటారని అడిగావు. ఇంకా అంతదాకా రాలేదు, నేను ఫస్ట్ ఇయరే. వదిన పేపర్లో రాసినదానికీ, నీకు చెప్పినదానికీ పోలికుందో లేదో కూడా చెప్పను.

కానీ చెల్లెలిగా ఒకటి అడుగుతా. ఆ బడి ఇంకా అక్కడే ఉందిగా?

చెల్లి


అక్టోబరు 9

చెల్లాయికి ఆశీస్సులు. ఉత్తీర్ణురాలివి అయినందుకు మరొకసారి.

బడి అక్కడే ఉన్నది. ఇప్పటి ప్రధానోపాధ్యాయురాలు ఒకప్పుడు నా తరగతిలో రెండవ వరుసలో కూర్చొనేది. వెళ్ళి ఒక పీరియడు అడిగాను. ఏడవ తరగతి వారి టీచరు సెలవులో ఉన్నదనీ, గురువారం మూడవ పీరియడు ఖాళీగా ఉన్నదనీ చెప్పినది. నాతో ఒకరు వచ్చి వెనుక కూర్చుంటారన్నాను. ఇన్‌స్పెక్టరా అని అడిగినది. అంతకంటె పెద్దవారు అన్నాను.

మీ వదినకు ముందురోజు చెప్పాను. నమ్మలేదు. గురువారం ఉదయం రెండుసార్లు చీర మార్చినది. దారి పొడుగునా "మీరు నా వైపు చూడకండి, నాకు సిగ్గు" అంటూనే వచ్చినది. చివరి బెంచీలో ఒక పాప పక్కన కూర్చున్నది. ఆ పాప తన పుస్తకం మధ్యకు జరిపి పెట్టినది.

పాఠం సెలవుచిట్టీ వ్రాయడం. తొమ్మిదేళ్ళ తరువాత సుద్దముక్క పట్టుకొన్నాను. మొదటి రెండు వాక్యాలు తడబడినవి. తరువాత ఏమి జరిగినదో తెలియదు. పూర్వం ఒక విద్యార్థి ఉండేవాడు. ఒకే ఏడాదిలో వాడి నాయనమ్మ నాలుగుసార్లు కాలం చేసినది. వాడు సెలవు అడిగే తీరు చేసి చూపించాను. తల వంచి, ముక్కు ఎగబీల్చి, నడుమ నడుమ ఒక కంటితో మాస్టారి వైపు చూడడం. తరువాత కడుపునొప్పివాడు. బల్ల పట్టుకొని మెలికలు తిరుగుతూ వచ్చి, సెలవు దొరకగానే గుమ్మం దాకా కుంటుతూ పోవడం. "కుంటుతావేమిరా, నొప్పి కడుపులో కదా" అన్నాను. తరగతి విరగబడి నవ్వినది.

అప్పుడు చూడవద్దన్న చోటికి చూశాను. మీ వదిన పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకొని, భుజాలు ఊగిపోతూ నవ్వుతున్నది. పక్కనున్న పాప తన సీసాలోని నీళ్ళు ఆమెకు తాగిస్తున్నది. ఇంత ఇదిగా ఆమె నవ్వడం నేను ఇంట్లో చూడలేదు. చూచానేమో; గుర్తు రాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మందుల దుకాణం దాకా ఇద్దరమూ నడిచి వచ్చాము. అక్కడ ఆగి, ఆమె అడిగినది: "ఆ కుంటేవాడు, ఆ నాయనమ్మవాడు... ఇవన్నీ ఇన్నేళ్ళూ ఇంట్లో ఒక్కసారి కూడా చేసి చూపించలేదేం?"

మామూలుగా అయితే నా దగ్గర సమాధానం ఉంటుంది. వెతికాను. దొరకలేదు. తెలియదని చెప్పాను. ఆ మాట ఏ తరగతిలోనూ, ఏ ఇంట్లోనూ నేను అన్నట్లు నాకు జ్ఞాపకం లేదు.

"ఆలోచించి చెప్పండి. తొందరేం లేదు" అన్నది. నడక సాగించినది.

ఆలోచిస్తున్నాను.

అన్నయ్య